శ్రీలంక చిన్న ఊళ్ల మీదుగా ఎనిమిది రోజుల కారు ప్రయాణం: ఏ పని ముందు, ఏది తర్వాత

మ్యాప్‌లో చూస్తే శ్రీలంక రెండు మూడు రోజుల్లో చుట్టేయగలిగే దేశంలా కనిపిస్తుంది. ఉత్తరం నుంచి దక్షిణం కొసకు 430 కిలోమీటర్ల చిల్లర. అక్కడే చాలామంది లెక్క తప్పుతోంది. ఎక్స్‌ప్రెస్‌వేలు వదిలేస్తే అక్కడి రోడ్లు ఎక్కువగా రెండు వరుసలవే. ఊరి వెంట ఊరు తగులుతుంది, మధ్యలో కొండలు. మైదానంలో గంటకు 35–40 కిలోమీటర్లు, కొండల్లో 25 నడిస్తే బాగా నడిచినట్టే. అందుకే ఈ ప్రయాణాన్ని గంటల్లో లెక్కేసుకోవాలి. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

## 1. ముందు నెల ఖాయం చేసుకోండి

ఈ దీవికి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు పడమర, దక్షిణ తీరాలనూ, కొండల పడమటి వాలునూ తడుపుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య వానలు ఉత్తరం, తూర్పు వైపు. మధ్యలో వచ్చే అక్టోబరు, నవంబరు నెలలే అసలు ప్రమాదం, తుపాన్లు అప్పుడే. 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుపానుకు కొండ ప్రాంతంలో కొండచరియలు విరిగిపడి రోడ్లు, రైలు మార్గం ఘోరంగా దెబ్బతిన్నాయి. బయల్దేరే ముందు వారం ఏ రోడ్డు తెరిచి ఉందో, ఏది మరమ్మతులో ఉందో బస చేసే ఇంటివాళ్లకే ఫోన్ చేసి అడగండి. మ్యాప్ కంటే వాళ్ల మాట నమ్మదగింది.

నాలుగో భాగంలో చెప్పే దారికి ఫిబ్రవరి, మార్చి మంచి నెలలు. జనవరిలో ఆ దారి మధ్యలో వచ్చే బదుల్లా, మహియాంగన వైపు జల్లులు తగలొచ్చు.

క్యాలెండర్‌లో ఇంకో రెండు చూడాలి. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవు, దాన్ని పోయ అంటారు. ఆ రోజు మద్యం అమ్మరు, మాంసం కొట్లూ మూస్తారు, గుళ్ల దగ్గర రోడ్లు కిక్కిరిసిపోతాయి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం. చిన్న ఊళ్లలో ఆ చుట్టుపక్కల నాలుగైదు రోజులు కొట్లు తెరవరు, తిండి దొరకడమే కష్టమవుతుంది. ఆ వారం వదిలేయండి.

## 2. కాగితాలు

మన డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే చాలదు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఒక్కటే ఉన్నా చాలదు. దానికి తోడు శ్రీలంక వైపు అనుమతి, అంటే అక్కడి తాత్కాలిక లైసెన్సు, కూడా కావాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: అద్దెకిచ్చేవాడు ఏమీ అడగకుండా తాళం ఇచ్చేస్తే అంతా సక్రమమే అనుకుంటారు. అనుమతి లేకుండా నడిపి ఎవరికైనా తగిలితే బీమా కంపెనీ డబ్బు కట్టదు.

వరస ఇలా:

- ప్రయాణానికి నెల ముందు: కేంద్ర రవాణా శాఖ సారథి పోర్టల్లో ఐడీపీకి (అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కు) దరఖాస్తు. ఫారం 4ఎ, వెయ్యి రూపాయల ఫీజు. పాస్‌పోర్టు నకలు అడుగుతారు. గడువు ఏడాది, లేదా మీ లైసెన్సు ముగిసేదాకా.
- రెండు వారాల ముందు: ఈటీఏ, అంటే శ్రీలంకలో అడుగుపెట్టడానికి ఆన్‌లైన్లో తీసుకునే అనుమతి. అధికారిక ప్రభుత్వ సైటులోనే చేయండి. దాన్ని పోలిన ప్రైవేటు సైట్లు అదనంగా గుంజుతాయి.
- అదే వారం: అక్కడి మోటార్ ట్రాఫిక్ శాఖ తాత్కాలిక లైసెన్సు మీరే తీసుకోవాలా, అద్దె కంపెనీ తీసిపెడుతుందా అన్నది రాతలో అడగండి. కొలంబో శివారు వెరహెరలో ఆ శాఖ ఆఫీసు ఉంది. 2025 ఆగస్టు నుంచి కటునాయక విమానాశ్రయంలోనూ కౌంటర్ నడుస్తోంది.
- చేతిసంచిలో: పాస్‌పోర్టు, అసలు లైసెన్సు, ఐడీపీ, నాలుగు ఫొటోలు, అన్నిటి నకళ్లు రెండేసి.

నడిపే వాళ్లు ఇద్దరైతే ఈ తతంగం ఇద్దరికీ జరగాలి. భార్యాభర్తల్లో ఒకరికే తీసుకుని, కొండ దిగేటప్పుడు అలసిపోయి రెండోవాళ్లకు స్టీరింగ్ ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు.

ఇంత తలనొప్పి ఎందుకు అనిపిస్తే డ్రైవర్‌తో కారు తీసుకోండి. బేరం ఆడేటప్పుడు మూడు తేల్చుకోండి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు కలిసి ఉన్నాయి, డ్రైవర్ బస ఎవరి ఖర్చు, ఎక్స్‌ప్రెస్‌వే టోల్ ఎవరిది. ఘాట్ రోడ్డు అలవాటు లేనివాళ్లకు ఇదే మేలు, ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

## 3. కారు చేతికి తీసుకునేటప్పుడు

మన దేశంలోలాగే అక్కడా ఎడమ పక్కనే నడపాలి, స్టీరింగ్ కుడివైపే. కాబట్టి అలవాటు పడే బాధ లేదు. చిన్న కారు చాలు: ఆల్టో, వ్యాగనార్ తరహా. ఊళ్ల మధ్య బస్సుకు దారి ఇవ్వాల్సి వచ్చినప్పుడు పెద్ద కారు భారం. నలుగురు పెద్దవాళ్లు, సామానుతో అయితే మాత్రం ఇంజిన్ బలం చూసుకోండి. 660 సీసీ బండి ఘాట్ ఎక్కుతూ ఆయాసపడుతుంది.

తాళం తీసుకోకముందు అరగంట కేటాయించండి:

- కారు చుట్టూ ఆగకుండా ఒకే వీడియో: బంపర్ల కింద భాగం, చక్రాల రిమ్ములు, అద్దం, పైకప్పు.
- డిక్కీలో స్టెప్నీ, జాకీ, వీల్ పానా ఉన్నాయా. స్టెప్నీలో గాలి ఉందా అన్నది వేలితో నొక్కి కాదు, గేజితో చూడండి.
- అద్దానికి అంటించిన రెవెన్యూ లైసెన్సు (ఏటా కట్టే బండి పన్ను కాగితం) తేదీ, బీమా కార్డు, పొగ పరీక్ష కాగితం.
- పెట్రోలు 92 ఆక్టేనా, 95 ఆ? ట్యాంకు మూత లోపల చూడండి, కంపెనీ నుంచి రాయించుకోండి.
- వైపర్లు, ఫాగ్ లైట్లు, వెనక అద్దం మంచు పోగొట్టే స్విచ్. కొండ మీది ఊరు హపుతలేలో ఈ మూడూ అవసరమవుతాయి.
- ప్రమాదం జరిగితే మీ జేబు నుంచి ఎంత పోతుంది అన్న అంకె. "ఫుల్ ఇన్సూరెన్సే సార్" అన్న మాట చాలదు. టైర్లు, అద్దాలు, కింద భాగం అందులో ఉన్నాయో లేవో చదవండి.

## 4. దారి, రోజువారీగా

కింద గంటలు ఆగకుండా నడిపితే పట్టే సమయం. చూసేవాటికి, తినడానికి వేరుగా కలుపుకోండి.

మొదటి రోజు. కటునాయక నుంచి దివులపిటియ, గిరిఉల్ల మీదుగా కురునెగల. దాదాపు 80 కి.మీ., రెండున్నర గంటలు. విమానం దిగి కొలంబోకి వెళ్లకండి. మొదటి రోజే ఆ రద్దీలో ఇరుక్కోవడం అనవసరం.

రెండో రోజు. ఎ6 రోడ్డు మీద దంబుల్ల, అక్కడి గుహాలయం చూసి ఎ9 పట్టుకుని నాలంద మీదుగా మాతలే. 100 కి.మీ., మూడు గంటలు. ఈ దారిలో "స్పైస్ గార్డెన్" బోర్డులు వరసగా ఉంటాయి. తోట చూపించడం ఉచితమే, చివర్లో నూనెలు, లేపనాలు అంటగడతారు. మిరియాలు, దాల్చినచెక్క కావాలంటే మాతలే బజారులో మామూలు కిరాణా కొట్లో కొనుక్కోండి.

మూడో రోజు. మాతలే నుంచి మహియాంగన. మ్యాప్ మిమ్మల్ని క్యాండీ ఊరి నడుమ నుంచి పంపుతుంది. వినకండి. ఉకువెల, వత్తేగమ మీదుగా కుండసాలె వైపు దిగి ఎ26 ఎక్కండి. క్యాండీ వన్‌వేల చిక్కు తప్పుతుంది. హున్నస్‌గిరియ దాటాక హసలక వైపు దిగే ఘాట్‌ను దహఅట వంగువ, అంటే పద్దెనిమిది మలుపులు అంటారు. మూడున్నర గంటలు.

నాలుగో రోజు. మహియాంగన నుంచి బదుల్లా, అక్కడి నుంచి ఎ16 మీద బండారవెల. 90 కి.మీ., మూడున్నర గంటలు. బదుల్లాకు కాస్త ముందు దున్‌హింద జలపాతం. కారు పెట్టి కిలోమీటరుకు పైగా నడవాలి. జారని చెప్పులు వేసుకోండి, కోతులకు సంచులు చూపించకండి.

ఐదో రోజు. బండారవెల నుంచి హపుతలే, 11 కి.మీ. మాత్రమే. ఇది కావాలని తేలిగ్గా పెట్టిన రోజు. తెల్లారగానే బయల్దేరి దంబతెన్న టీ ఫ్యాక్టరీ పైన ఉన్న లిప్టన్స్ సీట్ అనే వ్యూ పాయింట్‌కు వెళ్లాలి. తొమ్మిది దాటితే మంచు కమ్మేసి తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. ఫ్యాక్టరీ తర్వాతి దారి ఒక బండి పట్టేంతే. కారు కిందే పెట్టి ఆటో మాట్లాడుకోండి.

ఎల్ల ఇక్కడికి దగ్గరే. చూడాలనుంటే బండారవెల నుంచి పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయండి. బస మాత్రం బండారవెలలోనో హపుతలేలోనో. ఎల్ల ఇప్పుడు పర్యాటకుల కోసం బతికే ఊరు, మిగతావి తమ కోసం తాము బతికే ఊళ్లు.

ఆరో రోజు. హపుతలే నుంచి బేరగల, కొస్లంద మీదుగా వెల్లవాయ, తర్వాత ఎ2 మీద తనమల్విల దాటి తిస్సమహారామ. దాదాపు 100 కి.మీ., మూడున్నర గంటలు. 220 మీటర్ల దియలుమ జలపాతం రోడ్డు మీదకే కనిపిస్తుంది. వెల్లవాయ దాటగానే బుదురువగల రాతి విగ్రహాల దారి చీలుతుంది.

ఏడో రోజు. తిస్స నుంచి హంబన్‌తోట, తంగల్లె, దీవికి దక్షిణ కొస అయిన దెవినువర, మాతర మీదుగా వెలిగమ. 120 కి.మీ., నాలుగు గంటలు.

ఎనిమిదో రోజు. వెలిగమ దగ్గరి కొక్‌మాదువలో ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కండి. కొట్టావ దగ్గర కొలంబో బయటి వలయం రోడ్డుకు మారి, కెరవలపిటియలో విమానాశ్రయం ఎక్స్‌ప్రెస్‌వేకు మారాలి. మూడు గంటలు. ఎక్కేచోట టికెట్టు తీసుకుని దిగేచోట డబ్బు కట్టాలి, నోట్లు సిద్ధంగా ఉంచుకోండి.

## 5. గడియారం ఎలా నడపాలి

- ఉదయం ఆరున్నర: బయల్దేరడం. టిఫిన్ ఒక గంట నడిపాక.
- ఏడు నుంచి ఏడున్నర: ఏ ఊరి నడుమా ఉండకండి, బడి మొదలయ్యే వేళ.
- పన్నెండు నుంచి ఒంటిగంట: భోజనం.
- ఒకటిన్నర నుంచి రెండుంపావు: బడులు వదులుతారు. తెల్ల యూనిఫాం పిల్లలు, స్కూలు వ్యాన్లు, ఆటోలు కలిసి చిన్న ఊరిని దిగ్బంధం చేస్తాయి. ఈ ముప్పావు గంట మీరు భోజనం చేసిన చోటే కూర్చుని ఉండటం తెలివి.
- సాయంత్రం నాలుగున్నర, ఐదు: బండి ఆగిపోవాలి.

ఆరు, ఆరున్నరకు చీకటి పడుతుంది. చీకటి పడ్డాక వెనక లైటు లేని ల్యాండ్‌మాస్టర్లు (రెండు చక్రాల చేతి ట్రాక్టర్లు), సైకిళ్లు, రోడ్డు మీద పడుకున్న కుక్కలు ఎదురవుతాయి. ఏనుగుల సంగతి వేరే చెబుతాను.

మ్యాప్ చూపిన సమయానికి మైదానంలో పావు వంతు, కొండల్లో సగం కలపండి. అలా కలిపితే రోజుకు నాలుగున్నర గంటలు దాటుతోందంటే ఆ రోజు ప్లాన్ తప్పు.

## 6. రోడ్డు మర్యాద, పోలీసులు

ఊళ్లలో గరిష్ఠ వేగం 50, బయట 70, ఎక్స్‌ప్రెస్‌వే మీద 100. స్పీడ్ గన్‌తో చెట్టు చాటున నిలబడతారు.

మన డ్రైవర్లు ఎక్కువగా దొరికిపోయేవి రెండు. ఒకటి, జీబ్రా క్రాసింగ్. మనిషి కాలు పెట్టాడంటే ఆగాల్సిందే, హారన్ కొట్టి పోనిచ్చే అలవాటు అక్కడ చెల్లదు. రెండు, తెగని తెల్ల గీత దాటి ఓవర్‌టేక్ చేయడం. ముందు ఆటో ఇరవైలో పోతున్నా గీత తెగేదాకా వెనకే ఉండాలి.

ఆపితే దిగి వాదించకండి. తప్పు జరిగితే జరిమానా చీటీ రాస్తారు, దాన్ని పోస్టాఫీసులో కట్టి రసీదు చూపితే లైసెన్సు తిరిగి ఇస్తారు. చేతికి డబ్బు ఇవ్వొద్దు, చీటీ అడగండి.

బస్సుల విషయంలో మాత్రం పౌరుషం పనికిరాదు. ఎదురుగా బస్సు మీ వరుసలోకి వచ్చేస్తే అది తగ్గదు, మీరే మట్టిలోకి దిగాలి. వెనక నుంచి వస్తే ఎడమ సిగ్నల్ వేసి పోనివ్వండి.

## 7. ఘాట్ దిగడం: ఇది రెండుసార్లు చదవండి

ఆరో రోజు బేరగల నుంచి వెల్లవాయ దాకా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దాదాపు వెయ్యి మీటర్లు దిగుతారు. ఎల్ల నుంచి వెల్లవాయకు దిగే రోడ్డు ఇంకా నిటారు. 2025 సెప్టెంబరులో ఆ దారిలో ఒక బస్సు లోయలో పడి పది మందికి పైగా చనిపోయారు.

ఆటోమేటిక్ కారులో డీ గేరు పెట్టి బ్రేకు మీద కాలు ఆనించుకుని దిగడమే అసలు తప్పు. బ్రేకు అలా రాసుకుంటూ ఉంటే వేడెక్కి పట్టు వదులుతుంది. తిరుమల ఘాట్ ఎన్నిసార్లు దిగినా ఈ బండి మీకు కొత్త, ఆ సంగతి మరవకండి.

1. దిగుడు మొదలవకముందే గేరు మార్చండి. మాన్యువల్‌లో రెండు, ఆటోమేటిక్‌లో ఎల్ లేదా ఎస్, హైబ్రిడ్‌లో బీ. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, భయపడకండి. బండిని పట్టి ఉంచుతోందని అర్థం.
2. మలుపుకు ముందు తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు గట్టిగా నొక్కి వేగం తగ్గించండి, వదిలేయండి. మలుపులో తిరుగుతూ నొక్కొద్దు.
3. హెయిర్‌పిన్ మలుపు ముందు ఒక హారన్. పైకి వచ్చే బండికి దారి ఇవ్వండి.
4. పది కిలోమీటర్లకొకసారి ఆగండి. దియలుమ దగ్గర ఎలాగూ ఆగుతారు.

కాలిన రబ్బరు లాంటి వాసన వచ్చినా, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతున్నా అక్కడే పక్కకు ఆపండి. అరగంట చల్లారనివ్వండి. చక్రం మీద నీళ్లు పోయకండి, వేడి డిస్కు వంకర పోతుంది. పెడల్ గట్టిపడకపోతే ముందుకు వెళ్లొద్దు, కంపెనీకి ఫోన్ చేయండి.

## 8. ఏనుగులు

తనమల్విల నుంచి తిస్స దాకా, ఇంకా బుత్తల నుంచి కతరగమ వెళ్లే దారిలో అడవి ఏనుగులు రోడ్డు మీదకు వస్తాయి. బుత్తల దారిలో కొన్ని బళ్లను ఆపి తిండి కోసం తొండం కిటికీలోకి పెట్టడం నేర్చాయి. అలవాటు చేసింది పళ్లు విసిరిన మనుషులే. ఆ దారి ఈ ప్లాన్‌లో లేదు, కలుపుకోకండి.

ఎదురైతే: వంద మీటర్ల దూరంలోనే ఆగండి, అద్దాలు ఎత్తండి, లైటు తగ్గించండి, ఇంజిన్ ఆపకండి, హారన్ వద్దు. వెనక బండి లేకపోతే నెమ్మదిగా వెనక్కి. గున్న ఉంటే తల్లికీ దానికీ మధ్య నుంచి పోవద్దు. స్థానిక బస్సు వచ్చేదాకా ఆగి దాని వెనకే వెళ్లడం అన్నిటికంటే సులువు.

## 9. తిండి, డబ్బు, నాలుగు మాటలు

"హోటల్" అని బోర్డుంటే అది మన దగ్గరలాగే తిండి దొరికే చోటు. మధ్యాహ్నం అన్నం కూరలు పన్నెండుకు వేడిగా ఉంటాయి, రెండింటికి అయిపోతాయి. రాత్రి కొత్తు రొట్టె (రొట్టె ముక్కలు తరిగి కూరతో వేయించేది), ఇడియాప్పం.

శాకాహారులు ఒక్క మాట గుర్తుంచుకోవాలి: ఉంబలకడ. ఎండబెట్టిన చేపపొడి అది. కొబ్బరి సంబోల్, పప్పు, ఆకుకూరల్లో కూడా వేస్తారు, పైగా దాన్ని చేప కింద లెక్కే వేయరు. "ఉంబలకడ ఎపా" అంటే వద్దని. మాతలే, బండారవెల, హపుతలేల్లో తమిళులు నడిపే సైవం (శాకాహార) హోటళ్లు దొరుకుతాయి, అక్కడ నిశ్చింత.

తిస్స, తంగల్లె రోడ్డు పక్క కొట్లలో మట్టికుండల్లో గేదె పెరుగు వేలాడదీసి అమ్ముతారు. దాని మీద కితుల్ పాకం పోసుకుని తినాలి. కితుల్ అంటే మన మన్యంలో కల్లు గీసే జీలుగు చెట్టే. పాకం మరీ చవగ్గా ఉంటే అందులో పంచదార కలిసిందనుకోండి.

మన రూపాయికి అక్కడివి మూడుకు పైనే వస్తాయి. మన నోట్లు ఎవరూ తీసుకోరు. 2024 ఫిబ్రవరి నుంచి లంకా క్యూఆర్ (అక్కడి చెల్లింపుల క్యూఆర్ కోడ్) ఉన్న కొన్ని కొట్లలో యూపీఐ చెల్లుతోంది గానీ, ఈ ఊళ్లలో దాని మీద ఆధారపడకండి. రెండు రోజుల ఖర్చు నగదుగా, వంద నోట్లు విడిగా. పార్కింగ్ చీటీ వాళ్ల దగ్గర చిల్లర ఉండదు. గుళ్లు, పార్కుల దగ్గర సార్క్ దేశాల వారికి వేరే ధర ఉందేమో పాస్‌పోర్టు చూపి అడగండి.

దారి అడగడానికి: వమ అంటే ఎడమ, దకుణ అంటే కుడి, కెళిన్ అంటే తిన్నగా, హందియ అంటే కూడలి, కీయద అంటే ఎంత. వామం, దక్షిణం తెలిసిన మనకు మొదటి రెండూ గుర్తుండిపోతాయి. టీ తోటల ఊళ్లలో తమిళం నడుస్తుంది. తెలుగూ ఆ దేశంలో లేకపోలేదు: అనురాధపుర జిల్లా తంబుత్తేగమ దగ్గరి కుడాగమలో అహికుంటిక అని పిలిచే సమూహం ఇంట్లో మాట్లాడేది తెలుగే.

బుద్ధుడి విగ్రహానికి వీపు చూపి సెల్ఫీ దిగొద్దు, ఇది అక్కడ పోలీసు కేసు దాకా వెళ్లే తప్పు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మధ్యాహ్నం గుడి రాళ్లు కాలుతుంటాయి కాబట్టి జేబులో ఒక జత సాక్సు.

## 10. తేడా వస్తే

- అంబులెన్సు 1990. మన 108 పద్ధతిలోనే, భారత్ సాయంతో 2016లో మొదలైన సేవ, ఉచితం.
- పోలీసు 119, పర్యాటక పోలీసు 1912, విపత్తు సమాచారం 117.
- ప్రమాదం: బండి కదపకముందు ఫొటోలు, బీమా కార్డు మీది నంబరుకు అక్కడి నుంచే ఫోన్. వాళ్ల మనిషి వచ్చి చూస్తాడు. "మనలో మనం సర్దుకుందాం" అని డబ్బు ఇచ్చి వెళ్లిపోతే తర్వాత క్లెయిము రాదు.
- పంచరు: ప్రతి ఊరి చివరా టైరు కొట్టు ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం తప్ప. స్టెప్నీ వేశాక ముందు ఆ పని, తర్వాతే చూడాల్సినవి.
- కొండల్లో సిగ్నల్ పోతుంది. ఆ రోజు మ్యాప్ రాత్రే డౌన్‌లోడ్ చేసుకోండి.
- కొండల్లో గట్టి వాన: ఎర్రమట్టి నీళ్లు రోడ్డు మీదకు కారుతున్నా, చిన్న రాళ్లు దొర్లుతున్నా వెనక్కి తిరిగి దగ్గరి ఊళ్లో ఆగండి. అందుకే బసలన్నీ రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయాలి.

## 11. కారు తిరిగి ఇచ్చే రోజు

విమానానికి ఆరు గంటల ముందు వెలిగమ వదలండి. ఎక్స్‌ప్రెస్‌వే దిగాక కటునాయక బంకులో ఇంధనం కారు తీసుకున్నప్పుడున్న గీత దాకా నింపి బిల్లు ఉంచుకోండి. కారు కడిగించండి. మట్టి కింద గీతలు కనపడక, తర్వాత డిపాజిట్‌లో కోత పెట్టారని గొడవపడేవాళ్లు చాలామంది. మొదటి రోజులాగే చుట్టూ వీడియో తీసి, డిపాజిట్ వాపసు ఎప్పుడు పడుతుందో తేదీతో రాయించుకుని, అప్పుడు తాళం ఇవ్వండి.